మూలమట్టం నడుమ ‘జి’

అందరికీ నమస్కారమండి. గ్రంథాలయం వాళ్ళు “మాస్టారూ, ఈ నెల మీరు లెక్కల మీద ఏదైనా చెప్పాలి” అంటే సరేనన్నాను గానీ, సాయంత్రం పూట లెక్కలంటే ఎవరొస్తారండీ, అందుకని బయట బోర్డు మీద ‘ఫ్రీమేసన్ల జి అక్షరం’ అని రాయించాను. ఇప్పుడు చూడండి, హాలు నిండిపోయింది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ పక్క బెంచీ ఖాళీయే. మోసం చేశాననుకోకండి, ఆ అక్షరం గురించే చెప్తాను, కాకపోతే తవ్వే కొద్దీ దాంట్లోంచి లెక్కలే బయటికొస్తాయి.

ఫ్రీమేసన్లంటే తాపీ మేస్త్రీల పనిముట్లని గుర్తులుగా పెట్టుకుని, తలుపులు మూసుకుని సమావేశమయ్యే ఒక పాత సోదర సంఘం వాళ్ళు, నేను వాళ్ళలో ఒకణ్ణి కానండి. పాఠాలు చెప్పుకుని రిటైరైనవాణ్ణి, పాత పుస్తకాలంటే కాస్త పిచ్చి, అంతే. రహస్యాలు బయటపెడతానని ఎవరైనా ఆశపడి వచ్చి ఉంటే, వాటిలో చాలా భాగం 1730లోనే లండన్‌లో ఒకాయన అచ్చువేయించి అమ్మేశాడు, ఆయన దగ్గరికి కాసేపట్లో వస్తాను. ఇంకో మాట, నేను లాడ్జి అన్నప్పుడల్లా మీకు రాజమండ్రి బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చే లాడ్జి గుర్తుకు రాకూడదు. మేసన్లు సమావేశమయ్యే బృందాన్నే లాడ్జి అంటారు, ఆ బృందం కూర్చునే హాలునీ అలాగే అంటారు.

గుర్తు మీ అందరికీ తెలిసిందే. పైన వృత్తలేఖిని కాళ్ళు చాపుకుని కిందికి దిగి ఉంటుంది, కింద మూలమట్టం ఎల్ ఆకారంలో, చేతులు పైకెత్తి ఉంటుంది, రెండింటి నడుమ ఇంగ్లీషు పెద్ద జి. సెల్‌ఫోన్లో వీడియోలు చూసే పిల్లలందరికీ ఇది ఇల్యూమినాటి అనే రహస్య సంఘం గుర్తు, దెయ్యాల గుర్తు, ప్రపంచాన్ని నడిపించే పదమూడు కుటుంబాల గుర్తు, ఇంకా ఏవేవో. మొన్న మా వీధి కుర్రాడొకడు అదే బొమ్మ ఉన్న ఉంగరం ఆన్‌లైన్లో కొనుక్కుని, వేలికి పెట్టుకోవాలా వద్దా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. వాడికి నేను చెప్పిన మొదటి సంగతే మీకూ చెప్తాను. అక్షరంతో కలిపి ఉన్న ఆ బొమ్మ ఎక్కువగా అమెరికా వాళ్ళ అలవాటు. ఇంగ్లండు వాళ్ళ గుర్తులో మూలమట్టం, వృత్తలేఖిని ఉంటాయి, నడుమ చాలాసార్లు ఖాళీయే. అలాగని వాళ్ళకి జి లేదని కాదు, వాళ్ళలో చాలా లాడ్జిల్లో అది పైకప్పు మధ్య నుంచి కిందికి వేలాడుతూ ఉంటుంది. అమెరికా లాడ్జిల్లోనైతే తూర్పు గోడకి, పెద్ద కుర్చీ పైన ఉంటుంది.

ఆ పనిముట్లు ఎక్కడివి అంటారా, ఇక్కడ రెండో వరసలో కూర్చున్న మేస్త్రి గారి సంచీలోవే. మేసన్ అంటే తాపీ మేస్త్రి, అంతకంటే ఏమీ లేదు. యూరప్‌లో పెద్ద పెద్ద చర్చిలు రాతితో కట్టే రోజుల్లో ఆ మేస్త్రీలకి సంఘాలుండేవి, కట్టుబాట్లుండేవి, పని నేర్చుకునే కుర్రాడికో మెట్టు, పని వచ్చినవాడికో మెట్టు. తర్వాత తర్వాత ఏమైందంటే, తాపీ ఎప్పుడూ పట్టుకోని పెద్దమనుషులు వచ్చి ఆ సంఘాల్లో చేరడం మొదలెట్టారు. ఎలియాస్ ఆష్‌మోల్ అని ఒక పండితుడు 1646 అక్టోబరులో వారింగ్టన్ అనే ఊళ్ళో తనని ఫ్రీమేసన్‌గా చేర్చుకున్నారని డైరీలో రాసుకున్నాడు, ఆయన జన్మలో ఒక రాయి మీద ఇంకో రాయి పెట్టి ఉండడు. అలా మెల్లగా మేస్త్రీలు తగ్గిపోయి పెద్దమనుషులు మిగిలారు, పనిముట్లు మాత్రం అలాగే ఉండిపోయి నీతి పాఠాలకి పనికొచ్చాయి. ఇప్పటికీ లాడ్జిలో పెద్దాయన మెడలో వేలాడేది మూలమట్టం, ఆయన తర్వాతి ఇద్దరిలో ఒకరికి మట్టం, ఒకరికి గుండు. మేస్త్రి గారూ, మీరు అక్కడికెళ్తే అవన్నీ ఎవరివో అడిగి పట్టుకొచ్చేస్తారు.

లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి గ్రాండ్ లాడ్జి అన్నది 1717 జూన్ 24న పెట్టుకున్నాయని వాళ్ళ చరిత్ర చెప్తుంది, అదీ ఒక సారాయి దుకాణంలో. ఆ తేదీ మీద ఈ మధ్య చరిత్రకారులు కొందరు పేచీ పెడుతున్నారు, ఇంకో నాలుగేళ్ళు ఆలస్యంగా జరిగిందంటున్నారు. మనకి ఆ గొడవ వద్దు.

ఇప్పుడు జి దగ్గరికి. వాళ్ళకి మూడు మెట్లుంటాయి. మొదటిది పని నేర్చుకునేవాడిది, రెండోది పని వచ్చినవాడిది, మూడోది మేస్త్రిది. జి అనేది రెండో మెట్టు వ్యవహారం. బైబిల్లో సొలొమోను కట్టించిన మందిరంలో నడిమి గదికి మెలిక తిరిగిన మెట్లుండేవని ఉంది, రెండో మెట్టు ఎక్కేవాడు ఆ మెట్లు ఎక్కుతున్నట్టు ఊహించుకోవాలి, మూడు, అయిదు, ఏడు అని లెక్కపెట్టుకుంటూ. ఆ ఏడు ఏమిటంటే పాతకాలం యూరప్ బడుల్లో చెప్పే ఏడు విద్యలు: వ్యాకరణం, వక్తృత్వం, తర్కం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. అయిదోది ఏదో వేళ్ళు మడిచి చూసుకోండి.

నేను ఇందాక చెప్పిన ఆయన పేరు శామ్యూల్ ప్రిచర్డ్. ఒకప్పుడు లాడ్జి సభ్యుణ్ణని చెప్పుకున్నాడు. 1730లో లోపల జరిగే ప్రశ్నలూ జవాబులూ అన్నీ చిన్న పుస్తకంగా వేశాడు, అది కొద్ది రోజుల్లోనే మళ్ళీ మళ్ళీ అచ్చయింది, అంత గిరాకీ. నాకు సరదా ఏమిటంటే, బయటివాళ్ళ కంటే లోపలివాళ్ళే ఎక్కువ కొనుక్కుని బట్టీ పట్టారంటారు. అందులో రెండో మెట్టు దగ్గర అడుగుతారు, నిన్ను ఎందుకు చేర్చుకున్నారు అని. జి అక్షరం కోసం, అంటాడు. ఆ జి ఏమిటి అంటే, రేఖాగణితం, అయిదో శాస్త్రం అంటాడు. జామెట్రీ అంటే జి. ఎక్కడా దాపరికం లేదు, సూటిగా ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే అదే పుస్తకంలో అదే అక్షరానికి రెండో జవాబు ఉంది, విశ్వాన్ని నిర్మించిన మహాశిల్పి అని. అంటే అచ్చులో దొరికిన ఆ తొలి రోజు నుంచే దానికి రెండు అర్థాలు. కానీ ముందు చెప్పింది ఏది? రేఖాగణితం. నేను ఈ వరసనే పట్టుకుంటాను, లెక్కల మాస్టార్ని కదా, నా పక్షపాతం మీరు గమనించే ఉంటారు.

అయితే రేఖాగణితం ఎందుకు, తర్కం ఎందుకు కాదు, సంగీతం ఎందుకు కాదు అంటే, ఇక్కడే మన గోదావరి వాళ్ళకి చెవులు నిక్కపొడుచుకునే కథ ఒకటుంది. ఇంగ్లండులో తాపీ మేస్త్రీల పాత రాతప్రతులు కొన్ని దొరికాయి. అన్నిటికంటే పాతది సుమారు 1390 నాటి ఒక పొడవాటి పద్యం, దాని మొదటి మాటే యూక్లిడ్ ప్రకారం రేఖాగణిత విద్య కట్టుబాట్లు ఇక్కడ మొదలవుతున్నాయి అని. యూక్లిడ్ అంటే రేఖాగణితం పుస్తకం రాసిన పాతకాలం గ్రీకు పండితుడు. అంటే మేస్త్రీ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరే రేఖాగణితం. దాని తర్వాత, 15వ శతాబ్దం తొలి సగంలో రాసిన ఇంకో ప్రతి ఉంది, కుక్ రాతప్రతి అంటారు, 1861లో అచ్చువేయించిన ఆయన పేరు మీద. దాంట్లో ఏం రాశారంటే, ఐగుప్తులో నైలు నదికి వరదొచ్చి నీళ్ళు ఊళ్ళ మీదికి వచ్చేస్తుంటే జనం అక్కడ బతకలేకపోయారట, అప్పుడు యూక్లిడ్ వచ్చి వాళ్ళకి గట్లు వేయడం, కాలవలు తవ్వడం నేర్పించి నీళ్ళని ఆపాడట, ఆ తర్వాత భూమిని కొలిచి ముక్కలు చేసి ఎవరి వాటా వాళ్ళకి హద్దు వేసి ఇచ్చాడట. అదిగో, తాపీ పని, రేఖాగణితం రెండూ అక్కడ పుట్టాయి అంటారు వాళ్ళు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఏటిగట్టు, కాలవ, హద్దురాయి! ఇది లండన్ కథ ఏమిటండీ, ఇది లంక ఊళ్ళ కథ. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. గండి పడ్డాక, నీళ్ళు తీశాక, ఎవరి పొలం ఎక్కడో తెలియకుండా అంతా ఒకటే ఇసక మేట, లంకల్లోనైతే ఒక పక్క కోత పడి భూమి ఏట్లోకి పోతుంది, ఇంకో పక్క మేట వేసి కొత్త నేల లేస్తుంది, దాని మీద తగాదాలు ఏళ్ళ తరబడి నడుస్తాయి. అప్పుడు ఎవర్ని పిలుస్తారు? పూజారినా? సర్వేయర్ని పిలుస్తారు. ఆయన వెనక గొలుసు పట్టుకుని చెయిన్‌మేన్ వచ్చేవాడు పూర్వం. ఆ గొలుసు అరవై ఆరడుగులు, వంద లింకులు, దాన్ని తయారుచేసిన ఆయన గుంటర్ అనే ఇంగ్లీషు లెక్కల పండితుడు, ఆయనా జి తోనే మొదలవుతాడు, కాకతాళీయం లెండి, దీన్ని కూడా ఫోన్లో ఫార్వర్డ్ చేయకండి.

కుక్ రాతప్రతిలో చరిత్ర తప్పులు బోలెడు. యూక్లిడ్‌ని అబ్రహాముకి శిష్యుణ్ణి చేసేశారు, ఇద్దరికీ మధ్య వెయ్యేళ్ళకి పైగా తేడా. కానీ యూక్లిడ్ ఉన్నది అలెగ్జాండ్రియాలో, అది నైలు డెల్టా అంచునే ఉంది, అది మాత్రం నిజం. వరద వచ్చే చోట హద్దులు చెరిగిపోతాయి, హద్దులు చెరిగితే కొలవడం తప్పదు, కొలవాలంటే లెక్క రావాలి. అది తెలిసినవాడు కట్టుకున్న గట్టు నిలబడుతుంది. మా నాన్న కాలం వాళ్ళు ఎవరైనా ఈ కథ వింటే “ఆయ్, ఇందులో కొత్తేముంది” అనేవారు.

ఇప్పుడు మేస్త్రి గారి చేత ఒక పని చేయించి చూపిద్దామనుకున్నాను గానీ, ఈ హాల్లో గూటాలు కొట్టనివ్వరు కాబట్టి నోటితోనే చెప్తాను. ఇల్లు కట్టడానికి ముగ్గు పోసే రోజు చూసే ఉంటారు. స్థలం మూల దగ్గర గూటం కొడతారు, పురికొస కడతారు. మూల నుంచి ఒక పక్క కొస మీద మూడడుగుల దగ్గర గుర్తు, రెండో పక్క నాలుగడుగుల దగ్గర గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెడితే సరిగ్గా అయిదడుగులు రావాలి. వస్తే మూల కుదిరినట్టు. రాకపోతే కొస పక్కకి జరుపుతారు, మళ్ళీ కొలుస్తారు, కొబ్బరిచెట్టు నీడలో నిలబడ్డ ఇంటాయన “పోనీలే మేస్త్రీ, అరంగుళమే కదా” అంటాడు. ఆ అరంగుళం లెక్క వేసి చూశాను. అయిదడుగులకు బదులు అయిదడుగుల అరంగుళం వచ్చిందనుకోండి, మూల దాదాపు ఒక డిగ్రీ తెరుచుకుంది. నలభై అడుగుల గోడ చివరికి వచ్చేసరికి అది ఎనిమిది అంగుళాలకి పైనే పక్కకి పోతుంది. తర్వాత గచ్చు వేసేటప్పుడు టైల్సు ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా కోసి అతికిస్తుంటే అప్పుడు తెలుస్తుంది ఇంటాయనకి. పెద్ద ఇల్లయితే మేస్త్రి గారు మూడు-నాలుగు-అయిదు నమ్మరు, ఆరు-ఎనిమిది-పది కొలుస్తారు, చివర్న ఎదురెదురు మూలలు కూడా కొలిచి రెండూ సమానమో కాదో చూస్తారు. ఔనా మేస్త్రి గారూ? ... ఔనంటున్నారు.

ఈ మూడు-నాలుగు-అయిదు ఎక్కడిదనుకున్నారు? పైథాగరస్ సిద్ధాంతం, యూక్లిడ్ మొదటి పుస్తకంలో 47వది. మన దగ్గర బౌధాయనుడి శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికల కోసం తాడుతో కొలిచే లెక్కల్లో ఇదే విషయం, దీర్ఘచతురస్రం కర్ణం మీద పడే వైశాల్యం రెండు భుజాల మీద పడేవాటి మొత్తానికి సమానం అని, క్రీస్తుకు ముందే కొన్ని వందల ఏళ్ళ నాడు రాసి ఉంది. అలాగని ఫ్రీమేసన్లు మన దగ్గర నుంచి ఎత్తుకెళ్ళారని మొదలెట్టకండి మహాప్రభో, తాడూ గూటమూ ఉన్న ప్రతి చోటా ఇది ఎవరో ఒకరికి తడుతుంది. నేను చెప్పదలచుకుంది ఏమిటంటే, 1723లో జేమ్స్ ఆండర్సన్ అనే పాస్టరు మేసన్ల నియమాల పుస్తకం మొదటిసారి అచ్చువేయించినప్పుడు, ముఖచిత్రం లోపల ఇద్దరు డ్యూకులు నిలబడి ఉంటారు, వాళ్ళ కాళ్ళ దగ్గర నేల మీద ఈ 47వ సిద్ధాంతం బొమ్మ గీసి ఉంటుంది, కింద గ్రీకులో యురేకా అని ఉంటుంది. యురేకా అన్నది ఆర్కిమెడీస్ కదా, తొట్టెలోంచి లేచి పరిగెత్తింది ఆయన కదా అని మీరు అడగొచ్చు, అడగండి, నేనూ అదే అడిగాను. అదే పుస్తకం మొదట్లో, ఆదాము గుండెలో దేవుడు విద్యలన్నీ రాసి పంపాడు, ముఖ్యంగా రేఖాగణితం అని ఉంటుంది. ఇంగ్లండు లాడ్జిల్లో పెద్దాయనగా చేసి దిగిపోయినవాళ్ళు ఛాతీ మీద పెట్టుకునే పతకంలో ఈ రోజుకీ ఆ 47వ సిద్ధాంతం బొమ్మే ఉంటుంది. పదో తరగతిలో మనం బట్టీ పట్టి మర్చిపోయేది వాళ్ళు మెడలో వేసుకుంటారు.

సరే, రెండో అర్థం. దేవుడు. ఇంగ్లీషులో గాడ్ అన్నా జి యే. కాలం గడిచే కొద్దీ ముఖ్యంగా అమెరికాలో ఈ అర్థం ముందుకొచ్చి రేఖాగణితం వెనక్కి పోయింది. ఇప్పుడు అక్కడి సభ్యుణ్ణి అడిగితే చాలామంది దేవుడు, రేఖాగణితం అని రెండూ చెప్తారు, ఆ వరసలోనే. ఆండర్సన్ నియమాల్లో మతం మీద ఒక తెలివైన ఏర్పాటుంది. మేసన్ అన్నవాడు నాస్తికుడు కాకూడదు, అంతే, మిగిలింది మనుషులందరూ ఒప్పుకునే మతం చాలు, ఎవరి అభిప్రాయాలు వాళ్ళు ఉంచుకోవచ్చు అని. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కొట్టుకు చచ్చిన దేశంలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేయాలంటే దేవుడికి ఏ పేరూ పెట్టకుండా విశ్వశిల్పి అనడం వాళ్ళకి కలిసొచ్చింది.

అది కాగితం మీద. మన దేశానికి వచ్చేసరికి పరీక్ష ఎదురైంది. కలకత్తాలో 1730 ప్రాంతంలోనే లాడ్జి ఉంది, మద్రాసులో 1752లో మొదలైంది, అన్నీ ఇంగ్లీషు దొరల కోసం. 1775లో ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరాని చేర్చుకున్నారు, ముస్లిం, ఒకే దేవుడు, పేచీ లేదు, పైగా నవాబు బిడ్డ. హిందువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. ప్రసన్న కుమార్ దత్తు అనే కలకత్తా వ్యాపారి 1863లో అడిగాడు. మీకు చాలామంది దేవుళ్ళు కదా, మరి ఆ ఒక్క విశ్వశిల్పి మీద మీరు ప్రమాణం ఎలా చేస్తారు అని అడ్డుపడ్డారు. ఆయన వదల్లేదు, లండన్ దాకా వెళ్ళింది వ్యవహారం, 1872లో గానీ లోపలికి రానివ్వలేదు. తొమ్మిదేళ్ళు! ఆ తర్వాత పన్నెండేళ్ళకి, 1884 ఫిబ్రవరిలో, అదే కలకత్తాలో ఒక ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు చేరాడు, పేరు నరేంద్రనాథ్ దత్తా. తర్వాత మనం ఆయన్ని వివేకానందుడంటున్నాం.

1961 నవంబరు 24న భారత గ్రాండ్ లాడ్జి ఢిల్లీలో విడిగా ఏర్పడింది, మొదటి పెద్ద రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్. వాళ్ళ లాడ్జిల్లో బల్ల మీద బైబిలు ఒక్కటే కాదు, భగవద్గీత, ఖురాను, గురు గ్రంథ సాహిబు, పార్శీల అవెస్తా, ఎవరిది వాళ్ళకి, తెరిచి పెడతారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు గోషామహల్ వైపు పనుంటే, అక్కడి బారాదరిని బయట నుంచి చూడండి, అది వాళ్ళ హాలే, నిజాము కాలం నుంచి. ఉత్తరాది ఊళ్ళల్లో ఇలాంటి హాళ్ళని జనం జాదూఘర్ అని పిలిచేవారు, తలుపులు మూసుకుని రాత్రిపూట ఏదో చేస్తున్నారంటే జనం అనుకునేది అదే కదా.

మరి ఇన్ని మతాల పుస్తకాల మీద ఆ ఒక్క ఇంగ్లీషు అక్షరమే ఎందుకు వేలాడాలి? ఈ ప్రశ్న నాది కాదు, వాళ్ళలోనే మహా పండితుడొకడు, ఆల్బర్ట్ మాకీ అని అమెరికా ఆయన, 19వ శతాబ్దంలో విజ్ఞాన సర్వస్వం రాసినవాడు, గట్టిగా విసుక్కున్నాడు. ఇది చాలా కొత్త గుర్తు, ఇంగ్లీషు భాషలో తప్ప దేనికీ అతకదు, అసలు ఉండాల్సింది హీబ్రూ అక్షరం యోద్, దేవుడి పేరులో మొదటిది, దాన్ని చెడగొట్టి జి చేశారు అన్నాడు. ఎవరూ వినలేదు. అలవాటైపోయింది. ఇంకొందరు గ్రీకు గామా అక్షరం అచ్చం మూలమట్టంలా ఉంటుంది కాబట్టి జి అక్కడి నుంచే వచ్చిందంటారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ దానికి పాత కాగితాల్లో ఆధారం నాకు కనబడలేదు.

ఫ్రెంచి వాళ్ళది ఇంకో తమాషా. వాళ్ళ భాషలో దేవుడు డి తో మొదలవుతాడు. రేఖాగణితం మాత్రం జి యే, కాబట్టి అక్షరం తీసెయ్యాల్సిన పనిపడలేదు, దాన్ని ఐదు కోణాల వెలిగే నక్షత్రం నడుమ పెట్టుకున్నారు. పెట్టుకుని దానికి ఇంకా అర్థాలు వెతికారు: గురుత్వాకర్షణ, ప్రతిభ, పుట్టుక, జ్ఞానం, ఇవన్నీ వాళ్ళ భాషలో జి మాటలే. జి అనేది గోడకి కొట్టిన చిలక్కొయ్య అయిపోయింది, వచ్చినవాడల్లా తన చొక్కా తగిలించి వెళ్ళాడు. గురుత్వాకర్షణ అనేది మరీ గాలి మాటేం కాదు లెండి. 1719లో లండన్ గ్రాండ్ మాస్టరు, అంటే గ్రాండ్ లాడ్జికి పెద్ద, దెజాగులియే అనే ఆయన, ఫ్రాన్సు నుంచి శరణార్థిగా వచ్చిన ప్రొటెస్టెంటు బిడ్డ, న్యూటన్ సిద్ధాంతాలకి ప్రయోగాలు చేసి జనానికి చూపించినవాడు, రాయల్ సొసైటీలో న్యూటన్ కింద పనిచేశాడు. అలాంటి వాళ్ళు పెట్టిన సంఘంలో ఒక అక్షరం రేఖాగణితం నుంచి గురుత్వాకర్షణకి జారడం పెద్ద వింతేం కాదు.

అయితే ఫ్రెంచి వాళ్ళు ఇంకో అడుగు వేశారు. 1877లో అక్కడి పెద్ద సంఘం, గ్రాండ్ ఓరియంట్, సభ్యుడు దేవుణ్ణి నమ్మి తీరాలన్న నియమం తీసేసింది. లండన్ వాళ్ళకి మండింది, సంబంధాలు తెంచుకున్నారు, ఈ రోజుకీ కలవలేదు. ఒక్కసారి ఆలోచించండి, 1877లో మన యానాం ఫ్రెంచి వాళ్ళది, ఎదురుగా ఎదుర్లంక ఇంగ్లీషు వాళ్ళది, మధ్యలో గోదావరి పాయ. ఆ గట్టున దొరకి జి అంటే దేవుడు తప్పనిసరి, ఈ గట్టున దొరకి అక్కర్లేదు. మన జనం ఇద్దరికీ దండం పెట్టి పడవ దాటేవారు.

ఇక దెయ్యాల సంగతి, రెండు ముక్కల్లో తేల్చేస్తాను, అంతకంటే దానికి విలువ లేదు. ఇల్యూమినాటి అన్నది 1776 మే 1న బవేరియాలో ఒక ప్రొఫెసరు పెట్టిన వేరే సంఘం, పదేళ్ళు తిరక్కుండా ప్రభుత్వం దాన్ని మూసేసింది. మేసన్లు సైతానుని కొలుస్తారన్న కథ లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత పన్నెండేళ్ళ పాటు పుస్తకాల మీద పుస్తకాలు రాసి అమ్ముకున్నది. 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో జనాన్ని పిలిచి, అంతా నేను కల్పించానని ఆయనే స్టేజీ ఎక్కి చెప్పేశాడు. ఆ సభ జరిగింది జాగ్రఫీ సొసైటీ హాల్లో. ఇంకో జి. ఆయన ఒప్పుకున్నా ఆ కథలు ఆగలేదు, నూట పాతికేళ్ళు దాటాక మీ ఫోన్లోకి వచ్చాయి.

ప్రశ్నలుంటే అడగండి. మేస్త్రి గారేదో అంటున్నారు... “నిజం మేస్త్రీల్ని చేర్చుకుంటారా మాస్టారూ” అంటున్నారు. అడ్డు చెప్పే నియమమేమీ లేదండి. దేవుడున్నాడని నమ్మాలి, సభ్యుడొకరు మీ గురించి పూచీ పడాలి, మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. కాకపోతే ఏటా చందా ఉంటుంది, సూటూ బూటూ వేసుకోవాలి, సమావేశమయ్యాక భోజనం ఖర్చు ఉంటుంది. ఆఫీసర్లూ డాక్టర్లూ వ్యాపారస్తులే ఎక్కువ ఉంటారంటే కారణం అదే. వాళ్ళు తెల్ల తోలుతో చేసిన అప్రాన్ కట్టుకుంటారు నడుముకి, పనిలో ఉన్న మేస్త్రి కట్టుకునేదాని గుర్తుగా. మీరు వెళ్తే అది కట్టుకోవడం ఎందుకో వాళ్ళకి మీరే చెప్పాలి.

ఏమ్మా, నీది? “ఆడవాళ్ళకి లేదా సార్” అంటోంది. మంచిదే అడిగావు. లండన్‌తో సంబంధం ఉన్న లాడ్జిల్లో, భారత గ్రాండ్ లాడ్జిలో కూడా, మగవాళ్ళే. కానీ 1893లో పారిస్‌లో మరియా దెరెమ్ అనే ఆవిడ, జార్జ్ మార్తాన్ అనే ఆయన కలిసి ఆడా మగా ఇద్దరూ ఉండే శాఖ మొదలుపెట్టారు. 1902లో అందులో చేరిన ఇంగ్లీషావిడ ఒకరు దాన్ని ఇంగ్లండుకీ, మన దేశానికీ తీసుకొచ్చారు. ఆవిడ పేరు ఇక్కడ దివ్యజ్ఞాన సమాజం తెలిసిన పెద్దవాళ్ళందరికీ తెలుసు, అనీబిసెంట్. వాళ్ళ లాడ్జిల్లో కూడా రెండో మెట్టు ఉంది, దాంట్లో ఈ జి ఉంది, నీలాంటి అమ్మాయి వెళ్ళి ఇదేమిటని అడిగితే అయిదో శాస్త్రం దగ్గర నుంచే మొదలెడతారు. నువ్వు ఏం చదువుతున్నావమ్మా? ఇంటర్ ఎంపీసీయా, మరి ఇంకేం.